అపార్ట్‌మెంట్‌లో కుక్కను పెంచాలంటే: గడప నుంచి లిఫ్ట్ దాకా

"మీ వాడు లిఫ్ట్‌లో అంత బుద్ధిగా ఎలా ఉంటాడండీ?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ప్రతిసారీ మెట్ల దగ్గర నిలబడి చెప్పడం కుదరడం లేదు. అందుకని మొత్తం వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

మాది నెల్లూరు వేదాయపాళెంలో మూడో అంతస్తు. మా నల్లోడు నాటు కుక్క. ఏడో నెలకే వాడికి షేక్ హ్యాండ్ వచ్చు, బంతి తెచ్చివ్వడం వచ్చు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చూపించి మురిసిపోయేవాళ్లం. ఒక ఆదివారం లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే ఎదురుగా కింది ఫ్లాట్ పెద్దాయన, చేతిలో చేపల సంచి. నా చేతిలో లీష్ వదులుగా ఉంది. వాడు ఒక్క దూకు దూకాడు. సంచి చిరిగి కొరమేను ముక్కలు లిఫ్ట్ నిండా పడ్డాయి. ఆయన గోడకు అతుక్కుపోయి కళ్లు మూసుకున్నారు. నేనేమో "ఏం చేయడండీ, చేపల కోసం అంతే" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గే.

అపార్ట్‌మెంట్ కుక్కకు ముందుగా రావాల్సిన విద్య, తలుపు తెరుచుకున్నప్పుడు ఆగడం. మిగతావన్నీ దాని చుట్టూ నేర్పేవే.

1. తెచ్చుకోకముందే తేల్చుకోవాల్సినవి

పిల్లను చూశాక ఆలోచన పనిచేయదు. కాబట్టి చూడకముందే ఇంట్లో అందరూ కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి.

- మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు? పిల్లకు మొదటి మూడు నెలలు ఎవరో ఒకరు ఉండాలి.
- తెల్లవారుజామున బయటికి తీసుకెళ్లేది ఎవరు? "పిల్లలు తీసుకెళ్తారు" అనే జవాబు చెల్లదు. పరీక్షల నెల వస్తే ఆ పని మీదే.
- అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నారా? నోటిమాట కాకుండా అగ్రిమెంట్‌లో ఒక వాక్యం రాయించుకోండి.
- ఊరెళ్తే ఎవరి దగ్గర వదులుతారు?

జాతి విషయంలో నా మాట మొహమాటం లేకుండా చెబుతాను. మన నెల్లూరు, ఒంగోలు ఎండలకు హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటి దట్టమైన బొచ్చు కుక్కలు వద్దు. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు మామూలు వేడిలోనే ఊపిరి కష్టం. నాటు కుక్కకు పొట్టి బొచ్చు, మన వాతావరణం అలవాటు. పెట్ షాపులో కొనేముందు వీధిలో పెరిగిన పిల్లను ఒకసారి చూడండి. ఏ జాతైనా 8 వారాలు నిండకుండా తల్లి నుంచి వేరు చేసిన పిల్లను తీసుకోవద్దు. తోబుట్టువులతో ఆడుకునేటప్పుడే అది ఎంత గట్టిగా కొరకకూడదో నేర్చుకుంటుంది.

కొనాల్సినవి కొన్నే: మెడ బెల్టు, ఛాతీకి వేసే హార్నెస్, నాలుగైదు అడుగుల గట్టి లీష్, రెండు స్టీలు గిన్నెలు, ఒక పాత చాప. లాగితే సాగి, బటన్ నొక్కితే లోపలికి చుట్టుకునే లీష్ అపార్ట్‌మెంట్‌లో ప్రమాదం. ఎందుకో లిఫ్ట్ దగ్గర చెబుతాను. ఇనప గొలుసు అవసరమే లేదు.

2. మొదటి రెండు వారాలు

హాల్లో మనుషులు కనపడే మూల ఒకటి ఎంచుకుని చాప వేయండి. ఆ చాప మీదున్నప్పుడు ఎవరూ దాన్ని కదపకూడదు, ఎత్తుకోకూడదు. రాత్రి ఏడుస్తుంది. మీ మంచం పక్కకే చాప జరిపి, రెండు వారాల్లో కొంచెం కొంచెంగా దూరం చేయండి. వంటింట్లో పెట్టి తలుపేస్తే ఏడుపు పెరుగుతుంది, పై అంతస్తు వాళ్లకు నిద్ర ఉండదు.

టీకాలు మామూలుగా ఈ వరుసలో ఉంటాయి. పార్వో, డిస్టెంపర్ లాంటి వైరస్ జబ్బులకు మొదటిది 6–8 వారాల వయసులో, ఆపైన 3–4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా. రేబిస్ టీకా 3 నెలలు నిండాక, తర్వాత డాక్టర్ రాసిచ్చిన తేదీకి బూస్టర్. నులిపురుగుల మందు వేరు. టీకా పుస్తకాన్ని ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దించొద్దు. అలాగని ఇంట్లోనే దాచొద్దు కూడా. ఎత్తుకుని కిందికి తీసుకెళ్లి ఆటోలు, గ్యాస్ బండి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, చీపురు అన్నీ చూపించండి. మూడు నాలుగు నెలల వయసులోపు ప్రశాంతంగా చూసినవాటికి కుక్క పెద్దయ్యాక అంతగా బెదరదు.

3. టాయిలెట్ శిక్షణ

చాలామంది ఓడిపోయేది ఇక్కడే. లెక్క సులువు: పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలపండి, మహా అయితే అన్ని గంటలు ఆపుకోగలదు. 2 నెలల పిల్ల 3 గంటలు. అంతకంటే ఎక్కువ ఆశించి, తర్వాత తిట్టడం మన తప్పు.

ఎప్పుడెప్పుడు తీసుకెళ్లాలి:

- నిద్ర లేచిన వెంటనే, నడిపించకుండా ఎత్తుకుని
- తిన్న 10–30 నిమిషాల్లో
- ఆట ఆపిన వెంటనే
- పడుకోబోయే ముందు
- నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతుంటే అప్పటికప్పుడు

చోటు మార్చొద్దు, మాట మార్చొద్దు. మా ఇంట్లో "పోసుకో" అంటాం. అయిపోయిన రెండు సెకన్లలో మెచ్చుకుని చిన్న ముక్క పెట్టాలి. ఇంట్లోకి వచ్చాక పెడితే లోపలికి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది.

ఇంట్లో పోస్తే? మీరు చూస్తుండగానే అయితే చప్పట్లు కొట్టి, ఎత్తుకుని చోటికి తీసుకెళ్లండి. తర్వాత చూసినదైతే మాట్లాడకుండా తుడవండి. ముక్కు అందులో రాసి కొట్టడం మన ఊళ్లల్లో పాత అలవాటు. దానివల్ల కుక్క నేర్చుకునేది ఒక్కటే: మీకు కనపడకుండా సోఫా వెనక పోయడం.

తుడవడానికి ఫినాయిల్ వద్దు. నేల మీద నడిచిన కాళ్లను కుక్క నాకుతుంది, అది దానికి విషం. ముందు పాత గుడ్డతో పీల్చి, సగం వెనిగర్ సగం నీళ్లు కలిపి తుడిచి, ఆరాక వంటసోడా చల్లి ఊడ్చేయండి. వాసన మిగిలితే మళ్లీ అక్కడే పోస్తుంది.

బాల్కనీలో ట్రే పెట్టేవాళ్లకు ఒక మాట. బాల్కనీని బకెట్ నీళ్లతో కడగొద్దు. ఆ నీళ్లు కింది ఇంటి తీగ మీద ఆరేసిన బట్టల మీద పడతాయి. కుక్కల మీద వచ్చే గొడవల్లో సగం కుక్క వల్ల కాదు, ఈ నీళ్ల వల్ల. ట్రేను బాత్‌రూమ్‌లోకి తెచ్చి కడగండి.

4. ఇంటిల్లిపాదికీ ఒకే మాట

మా ఇంట్లో మా అమ్మ "దా దా" అనేది, మా అబ్బాయి "కమ్", నేను "రారా". నల్లోడు ముగ్గురినీ చూసి తోక ఊపి అక్కడే కూర్చునేవాడు. మొండివాడనుకున్నాం. పాపం, వాడికి మూడు భాషలు!

ఒక కాగితం మీద ఐదు మాటలు రాసి ఫ్రిజ్‌కు అంటించండి. మావి ఇవి: రా, కూర్చో, ఆగు, వదులు, చాప. తెలుగైనా ఇంగ్లీషైనా ఫర్వాలేదు, అందరూ ఒకటే వాడాలి.

నేర్పే పద్ధతి అన్నింటికీ ఒకటే. ఉప్పు కారం వేయకుండా ఉడికించిన చికెన్‌ను శనగగింజంత ముక్కలు చేసుకోండి. "కూర్చో"కు ముక్కను ముక్కు దగ్గర్నుంచి తల పైకి మెల్లగా జరపండి. చూపు పైకి వెళ్తే నడుము కిందికి దిగుతుంది. దిగిన క్షణంలో "శభాష్", ముక్క. నాలుగైదు నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు చాలు. అరగంట వాయిస్తే ఇద్దరికీ విసుగు.

"వదులు" అన్నింటికంటే విలువైనది. ఒక ముక్క పిడికిట్లో మూసి పట్టుకోండి. నాకుతుంది, గోకుతుంది. కదలొద్దు. అది ముక్కు వెనక్కి తీసుకున్న క్షణంలో "వదులు" అని, రెండో చేత్తో వేరే ముక్క ఇవ్వండి. కొన్నాళ్లకు నేల మీద పడిన ఎముకను కూడా వదులుతుంది.

"రా" అని పిలిచి ఎప్పుడూ కొట్టొద్దు, స్నానం చేయించొద్దు, మందు వేయొద్దు. ఆ పనులకు మీరే దాని దగ్గరికి వెళ్లండి.

5. తలుపు, వరండా, లిఫ్ట్

దీనికి నాకు ఆరు వారాలు పట్టింది. కింది దశ స్థిరపడకుండా పైదానికి వెళ్లొద్దు.

మొదటి దశ, ఇంటి తలుపు. లీష్ వేసి కూర్చోబెట్టండి. గడియ తీయండి. లేస్తే గడియ మళ్లీ వేయండి, మాట్లాడొద్దు. కూర్చుంటే తలుపు జానెడు తెరవండి. లేస్తే మూయండి. మొదటి రోజు మేము బయటికి వెళ్లడానికి పదిహేను నిమిషాలు పట్టింది. నాలుగో రోజుకి తలుపు మొత్తం తెరిచినా కూర్చుని నా మొహం చూశాడు. అప్పుడు "పద".

రెండో దశ, వరండా. లిఫ్ట్‌కు పదడుగుల దూరంలో కూర్చోబెట్టండి. లిఫ్ట్ వస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, మనుషులు దిగుతారు. ప్రతిసారీ అది లేవకుండా ఉంటే ముక్క. రోజూ పది నిమిషాలు ఇదే పని. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మూడో దశ, ఖాళీ లిఫ్ట్. మధ్యాహ్నం మూడింటికి ఎవరూ తిరగని వేళ చూసుకోండి. కుక్కను మూలన కూర్చోబెట్టి, తలుపుకూ దానికీ మధ్యలో మీరు నిలబడండి. ఒక్క అంతస్తు దిగి బయటికి రండి.

నాలుగో దశ, తెలిసిన మనిషి ఉన్న లిఫ్ట్. కుక్కంటే భయం లేని స్నేహితుణ్ణి ముందే అడిగి పెట్టుకోండి. చేతిలో ఒక కూరగాయల సంచి కూడా పట్టుకోమనండి.

ఇక లీష్ సంగతి. లీష్ పొడవుగా వదిలితే కుక్క లోపల, మీరు బయట ఉండగా తలుపు మూసుకుపోవచ్చు. లిఫ్ట్ కదిలితే మెడ బిగుసుకుంటుంది. అందుకే సాగే లీష్ వద్దన్నాను. ఇద్దరూ పక్కపక్కనే లోపలికి వెళ్లి, లీష్ మొత్తం లోపలికి వచ్చిందని చూసుకున్నాకే బటన్ నొక్కండి. లిఫ్ట్‌లో మెడ బెల్టుకు కాకుండా హార్నెస్‌కు తగిలించండి.

లిఫ్ట్‌లో అప్పటికే ఎవరైనా ఉంటే ఎక్కొద్దు. "మీరు వెళ్లండి, మేం తర్వాత వస్తాం" అనండి. వాళ్లు రమ్మంటే వెళ్లండి. "ఏం చేయదండీ" అనే మాట పూర్తిగా మానేయండి. అవతలి మనిషి భయపడేది మీ కుక్క గురించి మీకు తెలిసినదాన్ని చూసి కాదు, తనకు కనపడే పళ్లను చూసి. ఆ చేపల పెద్దాయన దాదాపు ఏడాది మా వాడిని దూరం నుంచే చూశారు. మొన్న లిఫ్ట్‌లో ఆయనే "రానీ లేబ్బా, చోటుంది" అన్నారు.

6. వీధిలో

ధనుర్మాసంలో ఐదింటికే గుమ్మాల ముందు ముగ్గులు మొదలవుతాయి. అర్ధగంట వంగి వేసిన చుక్కల ముగ్గు మీద కుక్క కాలెత్తితే ఆ ఇంటావిడ మిమ్మల్ని వచ్చే సంక్రాంతి దాకా మర్చిపోదు. ఆ నెలంతా రోడ్డు మధ్యకు వచ్చి నడవండి, లేదా ఖాళీ ప్లాట్ల వైపు వెళ్లండి.

మలం తీయడానికి పాత పేపర్ చాలు. కూర్చోగానే పేపర్ కిందికి జరపండి, ముడిచి కవర్లో వేసి ముడేసి చెత్తబండికి ఇవ్వండి. పక్క కాలువలోకి తోయడం తీయడం కిందికి రాదు.

వీధి కుక్కలు చుట్టుముడితే పరుగెత్తొద్దు, మీ కుక్కను ఎత్తుకోవద్దు. అవి మీ మీదికి ఎగురుతాయి. మీ కుక్కను వెనక్కి పెట్టుకుని, వాటి కళ్లలోకి చూడకుండా, మెల్లగా పక్కకు నడవండి. చేతిలో ఉన్న ముక్కలు దూరంగా విసిరితే అవి అటు వెళ్తాయి, మీకు దారి దొరుకుతుంది.

మైపాడు బీచ్‌కో, ఒంగోలు వాళ్లయితే కొత్తపట్నానికో తీసుకెళ్తే పొద్దున్నే వెళ్లండి. తాగే నీళ్లు వెంట పెట్టుకోండి, ఉప్పునీళ్లు తాగితే వాంతులే. వలల్లోంచి తీసి పారేసిన చేపలను తిననివ్వొద్దు. గాలపు కొక్కేలు కూడా ఇసుకలో ఉంటాయి.

7. అరుపులు

ముందు కారణం వెతకండి. మీరు లేనప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి వెళ్లండి. మా వాడు రోజంతా అరుస్తాడని పక్కింటివాళ్లు అన్నప్పుడు నేను నమ్మలేదు. రికార్డింగ్ వింటే నలభై నిమిషాలు ఆగకుండా అరిచాడు. బాల్కనీలోంచి కింద వీధి కుక్కలు కనపడటమే కారణం. గ్రిల్‌కు నడుమెత్తు దాకా గ్రీన్ మ్యాట్ కట్టాక చాలావరకు తగ్గింది.

కాలింగ్ బెల్‌కు అరిస్తే "చాప" నేర్పండి. ఒకరు బెల్ కొట్టాలి, ఇంకొకరు చాప మీద ముక్క వేయాలి. రోజుకు పదిసార్లు. రెండు మూడు వారాలకు బెల్ మోగితే చాప వైపు పరుగెత్తుతుంది.

ఒంటరిగా ఉంటే ఏడ్చే కుక్కకు, తాళం వేసి ఒక నిమిషం బయట నిలబడి లోపలికి రండి. తర్వాత మూడు, ఐదు, పది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ హడావిడి చేయొద్దు.

8. ఎండాకాలం, వానాకాలం

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో కుక్క పాదాలు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. అరచేతి వెనకవైపు రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించండి. మీరు ఉంచలేకపోతే అది నడవలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఆరు లోపు, రాత్రి ఎనిమిది తర్వాతే నడక.

వడదెబ్బ గుర్తులు: ఆగని రొప్పు, చిక్కటి చొంగ, ఎర్రబడ్డ చిగుళ్లు, తూలడం. కుక్క మామూలు ఒంటి వేడి 38–39 డిగ్రీల సెల్సియస్, మనకంటే కొంచెం ఎక్కువే. కాబట్టి చేత్తో తాకి నిర్ణయించొద్దు. నీడలోకి తెచ్చి ఒళ్లంతా తడిపి ఫ్యాన్ పెట్టి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మేలో మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు కుళాయి తిప్పితే వచ్చేది వేన్నీళ్లు! పొద్దున్నే ఒక బకెట్ నింపి బాత్‌రూమ్‌లో మూత పెట్టి ఉంచండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు. తడి ఆరనివ్వకపోతే చర్మం పాడవుతుంది, పిడుదులు పెరుగుతాయి. ఇంటికి రాగానే చెవుల లోపల, వేళ్ల మధ్య, తోక కింద వెతకండి. కనపడితే పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగండి. కిరసనాయిలు పోయొద్దు. పశువులకు కొట్టే పిడుదుల మందు కూడా వద్దు, నాకితే విషం. తిండి మానేసి నీరసంగా పడుకుని చిగుళ్లు పాలిపోతే అది పిడుదుల జ్వరం కావచ్చు. మర్నాడు చూద్దాంలే అనుకోవద్దు.

9. తిండి, నాలుగు మాటల్లో

పెట్టకూడనివి: ఉల్లి, వెల్లుల్లి పడిన ఏ కూరైనా, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన ఎముకలు. చేపల పులుసు అన్నంలో కలిపి పెట్టడం నెల్లూరోళ్లకు ప్రేమ కావచ్చు. చింతపులుసు, కారం, ముళ్లు మూడూ దానికి పడవు. జ్వరమని పారాసిటమాల్ వేయొద్దు.

భోజనాల బల్ల దగ్గర ఎవరూ చేత్తో పెట్టకూడదు. ఈ నియమాన్ని మొదట తప్పేది ఇంట్లో పెద్దవాళ్లే. మా అమ్మతో నేను ఇంకా పోరాడుతున్నాను.

10. పండగ రోజుల్లో

- దీపావళి రోజు సాయంత్రం ఐదు లోపు నడక, టాయిలెట్ పూర్తి చేయండి.
- కిటికీలు మూసి, లోపలి గదిలో ఫ్యాన్, టీవీ పెట్టండి. మంచం కింద దూరితే బయటికి లాగొద్దు.
- మెడ బెల్టుకు మీ ఫోన్ నంబర్ ఉన్న బిళ్ల ఉండాలి. టపాసులకు బెదిరి పారిపోయే కుక్కలు ఎక్కువ.
- భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే చెడిపోతుందనేది అపోహ. తీసుకోండి.

రొట్టెల పండగ రోజుల్లో నెల్లూరు చెరువు కట్ట వైపు నడిచే అలవాటున్నవాళ్లు దారి మార్చుకోండి. అంత జనంలో ఎంత శిక్షణ ఉన్న కుక్కకైనా టెన్షనే.

11. కరిస్తే, గీరితే

టీకాలు వేసిన కుక్క అయినా సరే. గాయాన్ని ధారగా పోసే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు ఏదీ పూయొద్దు, కట్టు గట్టిగా కట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. ఎన్ని డోసులు చెబితే అన్నీ పూర్తి చేయాలి. కుక్కను 10 రోజులు కనిపెట్టి ఉండాలి. కరిచింది మీ కుక్కైతే టీకా పుస్తకం పట్టుకుని మీరే వాళ్లను తీసుకెళ్లండి, ఖర్చు మీరే పెట్టుకోండి.

12. అసోసియేషన్, చట్టం

జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అసోసియేషన్ మెజారిటీ తీర్మానంతో కూడా కుక్కలను నిషేధించడానికీ, లిఫ్ట్ వాడొద్దనడానికీ వీల్లేదు. ఇది యజమానులందరికీ కంఠతా వచ్చు. రెండో వైపు కూడా తెలుసుకోండి. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, మనుషులకు ప్రమాదం కలిగేలా జంతువును అజాగ్రత్తగా వదిలేస్తే ఆరు నెలల దాకా జైలు లేదా రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో ఎప్పుడూ కట్టేసి ఉంచి తిప్పకపోవడం కూడా నేరమే.

మీటింగ్‌కు చట్టం కాగితాలకు ముందు టీకా పుస్తకం పట్టుకెళ్లండి. మీరు ఏ వేళల్లో తిప్పుతారో చెప్పి, ఫిర్యాదుంటే నేరుగా ఫోన్ చేయమనండి. చేసినప్పుడు ఎత్తండి.

13. ఊరెళ్లేటప్పుడు ఇచ్చి వెళ్లాల్సిన కాగితం

మేము తిరుపతి వెళ్లినా, పెళ్లికి కందుకూరు వెళ్లినా, మా వాడు కింది ఫ్లాట్‌లోనే ఉంటాడు. అవును, ఆ పెద్దాయన దగ్గరే. తాళాలతో పాటు ఇచ్చే కాగితం ఇది:

- తిండి: పొద్దున 7, సాయంత్రం 7. ఎంత పెట్టాలో గ్లాసు కొలతతో.
- నడక: పొద్దున 5:30, రాత్రి 8:30. హార్నెస్ తలుపు వెనక మేకుకు ఉంది.
- ఐదు మాటలు: రా, కూర్చో, ఆగు, వదులు, చాప.
- డాక్టర్ నంబర్, టీకా పుస్తకం ఫొటో.
- ఉరిమితే బాత్‌రూమ్‌లో దూరుతాడు. తలుపు వేయకండి.
- చేపలు తెచ్చిన రోజు సంచి పైన పెట్టండి.